స్లీవా, బైపాసా? సిరికి పెద్దమ్మ ఉత్తరం

కూర్మన్నపాలెం,
విశాఖపట్నం.

సిరీ,

నీ ఉత్తరం అందింది. చదవడం పూర్తికాకుండానే మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "సిరి రామ్‌నగర్‌లో ఎక్కడో ఆపరేషన్‌కి అడ్వాన్సు కట్టేస్తోందట అక్కా, ఆర్తీ అగర్వాల్‌కి అయినట్టు అయితే నేనేమైపోవాలి" అంటుంది. ముందు దాన్ని ఊరుకోబెట్టాను. ఆ హీరోయిన్ పిల్ల 2015 జూన్‌లో న్యూజెర్సీలో 31 ఏళ్ళకే పోయింది, పాపం. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకుందని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. అది చర్మం కింద కొవ్వు పీల్చేసే పని. నువ్వు అడుగుతున్నది పొట్టనీ పేగునీ మార్చే ఆపరేషన్. దానికీ దీనికీ పోలిక లేదని మీ అమ్మకి చెప్పాను. నువ్వూ ఇంకోసారి నిదానంగా చెప్పు, కసురుకోకు.

ఫోన్లో అయితే ఊఁ కొట్టి పెట్టేస్తావని ఇదంతా రాస్తున్నాను. కాగితం మీద ఉంటే డాక్టరుగారి దగ్గరికి పట్టుకెళ్ళి ఒక్కొక్కటీ అడగొచ్చు.

వారం వారం గడ్డం మీద థ్రెడింగ్ చేయించుకుని, ఆ ఎర్రదనం కనపడకుండా చున్నీ కప్పుకుని రుషికొండ ఆఫీసు క్యాబ్ ఎక్కుతున్నానని రాశావే, అది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. బంగారు తల్లీ, ఇది నీ నోటి తప్పు కాదు. నీలా పీసీఓఎస్ ఉన్నవాళ్ళలో చాలామందికి ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యదు. అందుకని ఒళ్ళు ఇంకా ఇంకా ఇన్సులిన్ తయారుచేస్తుంది. అది అండాశయాల్ని రెచ్చగొడితే మగ హార్మోన్ పెరుగుతుంది, అండం పండదు, నెలసరి తప్పుతుంది, గడ్డం మీద వెంట్రుకలొస్తాయి. బరువు పెరిగేకొద్దీ ఇన్సులిన్ మరీ పెరుగుతుంది. ఈ జబ్బు గురించి 1935లో షికాగో డాక్టర్లు స్టెయిన్, లెవెంతాల్ రాసినప్పుడు వైద్యమంటే అండాశయంలోంచి ఒక ముక్క కోసెయ్యడమే. ఇప్పుడు అండాశయం జోలికి పోకుండానే, బరువు తగ్గించి దాన్ని దారికి తెస్తున్నారు. లండన్‌లో 80 మంది పీసీఓఎస్ ఆడవాళ్ళని తీసుకుని సగం మందికి స్లీవ్ ఆపరేషన్ చేశారు, సగం మందికి మందులూ సలహాలూ ఇచ్చారు. ఏడాదిలో ఆపరేషన్ అయినవాళ్ళకి రెండున్నర రెట్లు ఎక్కువగా అండం విడుదలైందని 2024లో లాన్సెట్‌లో వచ్చింది. కాబట్టి ఆపరేషన్ మాట ఎత్తడం పిచ్చి ఆలోచన అని నేను అనను. నీ బీఎంఐ 37. 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం 35 దాటితే చెయ్యొచ్చు. మన ఆసియా వాళ్ళకైతే 27.5 నుంచే ఆలోచించమన్నారు.

ఇక ఏది చేయించుకోవాలన్న మాట. స్లీవ్‌లో పొట్టని ముప్పాతిక వంతు కోసి తీసేస్తారు, సన్నని గొట్టంలా కొంత మిగులుతుంది. ఆకలి పుట్టించే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే, అందుకే ఆకలి తగ్గుతుంది. తీసేసింది మళ్ళీ రాదు. బైపాస్‌లో పైన 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి ఉంచి, కింది నుంచి చిన్నపేగు తెచ్చి దానికి అతుకుతారు. అనకాపల్లి దగ్గర ఆనందపురం వైపు మళ్ళిన లారీలు గాజువాక మొహం చూడవు కదా, అలాగే తిన్న తిండి చిన్నపేగు మొదటి భాగాన్ని చూడకుండానే కిందికి పోతుంది. మన ఒంటికి ఐరన్, కాల్షియం పట్టేది ముఖ్యంగా అక్కడే. మినీ బైపాస్ అంటే ఒక్క అతుకుతో అయిపోయేది. తేలికని చెబుతారు గానీ పేగుని ఇంకా ఎక్కువ మేర దాటించేస్తుంది, పైత్యం పైకి తన్నే భయమూ ఉంది. నీకు అది వద్దు.

బరువు సంగతి చూస్తే స్లీవ్‌కీ బైపాస్‌కీ నువ్వనుకున్నంత తేడా లేదు. స్విట్జర్లాండ్‌లో అయిదేళ్ళు చూసి 2018లో లెక్క తేల్చారు, బైపాస్‌ది కొద్దిగా పైచెయ్యి, అంతే. తేడా వచ్చింది గుండెమంట దగ్గర. స్లీవ్ తర్వాత నూటికి 32 మందికి మంట ఎక్కువైంది, బైపాస్ తర్వాత 6 మందికే. అందుకే ముందు ఎండోస్కోపీ. అది లేకుండా ఏ ఆపరేషన్ పేరూ ఎత్తనివ్వకు.

ఇప్పుడు నా అసలు దిగులు. మాత్రలు, సిరీ, మాత్రలు.

1966లో నాకు ఎనిమిదేళ్ళు. ఊరంతా విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని అరుపులు, మీ తాతయ్య మమ్మల్ని గుమ్మం దాటనివ్వలేదు. అదే ఏడాది అమెరికాలో అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ మొదటి బైపాస్ చేశాడట. అల్సర్‌కని పొట్ట కోయించుకున్నవాళ్ళు చిక్కిపోవడం చూసి ఆయనకి ఆ ఆలోచన వచ్చింది. ఆ అల్సర్ ఆపరేషన్లు నాకు బాగా తెలుసు. నేను నర్సుగా చేరిన కొత్తలో సర్జికల్ వార్డు నిండా వాళ్ళే. పోర్టులో కలాసీలు, ఖనిజం మోసేవాళ్ళు, పొద్దున టీ, బీడీ, మధ్యాహ్నం ఇంకో టీ, రాత్రికి ఇంత పచ్చిమిరపకాయ నంజుకుని గంజన్నం. కడుపు మండి మండి రక్తం కక్కుకుని వచ్చేవారు. ఇప్పటిలా పాంటాప్ మాత్రలు ఎక్కడివి? సగం పొట్ట తీసేసి, మిగిలినదాన్ని పేగుకి కుట్టేసేవారు. కుట్లు విప్పించుకుని దండం పెట్టి వెళ్ళిపోయేవారు, ఇంటికెళ్ళి అన్నం తినగలుగుతున్నామని ఎంత సంబరమో.

అలా వెళ్ళినవాళ్ళలో ఒకాయన ఏళ్ళ తర్వాత నేను డ్యూటీలో ఉండగా వచ్చాడు. మనిషి తెల్లగా పాలిపోయాడు. నాలుక గరుకు లేకుండా నున్నగా, ఎర్రగా ఉంది. వరండాలో నడిచొస్తుంటే ఎడంకాలి చెప్పు జారి వెనకే ఉండిపోయింది, ఆయనకి తెలియలేదు. ఒట్టికాలితో మంచం దాకా వచ్చేశాడు. నేను చెప్పు తీసుకెళ్ళి ఇస్తే నా మొహంలోకి, తన కాలి వైపు చూశాడు. బి12 అయిపోవడమంటే అదమ్మా. పొట్ట నుంచి ఊరే పదార్థం లేకపోతే అది ఒంటికి పట్టదు. లివర్‌లో దాచుకున్నది కొన్నేళ్ళు నెట్టుకొస్తుంది కాబట్టి ముందు ఏమీ తెలియదు. ఇంజెక్షన్లు ఇచ్చాక రంగు తిరిగింది గానీ అరికాళ్ళ తిమ్మిరి పూర్తిగా పోలేదు. బతికినన్నాళ్ళూ బి12 వేసుకోవాలని ఆపరేషన్ అయిన రోజు ఆయనకి ఎవరూ చెప్పలేదు.

నీకు నేను చెబుతున్నాను. బైపాస్ అంటే జీవితాంతం మల్టీవిటమిన్, ఐరన్, కాల్షియం సిట్రేట్, డి విటమిన్, బి12. స్లీవ్‌కీ మాత్రలు తప్పవు, రక్తపరీక్షలూ తప్పవు, కానీ లోటు అంత తీవ్రంగా ఉండదు. చిన్న గుంటప్పుడు మలేరియా మాత్రలు దిండు గలీబులో దాచేసినదానివి నువ్వు. మెట్‌ఫార్మిన్ కడుపులో తిప్పుతోందని మొన్న నువ్వే మానేశావు. అది వాడినన్నాళ్ళూ కొంత బి12 తగ్గించి ఉండొచ్చు, కాబట్టి ఆపరేషన్‌కి ముందే ఆ పరీక్ష చేయించు, ఫెరిటిన్ కూడా. ఇంకొకటి, ఇది ఎవరూ గుర్తుచెయ్యరు. ఇప్పుడు నీకు నాలుగు నెలలకోసారి నెలసరి. బరువు తగ్గాక నెలనెలా వస్తే నెలనెలా రక్తం పోతుంది. ఐరన్ పట్టే దారి మూసేసి, ఐరన్ పోయే దారి తెరిచినట్టవుతుంది. అప్పుడు నొప్పని మెఫ్తాల్ వేసుకుంటావు. బైపాస్ అయినవాళ్ళకి ఆ జాతి నొప్పిమాత్రలు కూడదు, అతుకు దగ్గర పుండు పడుతుంది. ఐరన్ వేసుకున్న వెంటనే టీ తాగకు, కాల్షియంకీ దానికీ రెండు గంటల ఎడం ఉంచు. ఆపరేషన్ తర్వాత వాంతులు ఆగకపోతే ఇంట్లో నిమ్మరసం తాగుతూ కూర్చోకు, ఆసుపత్రికి వెళ్ళు, గ్లూకోజ్ ఎక్కించే ముందు బి1 ఇచ్చారా అని అడుగు. మొదటి ఏడాది మూడు, ఆరు, పన్నెండో నెలల్లో రక్తపరీక్ష, ఆ తర్వాత ఏటేటా. నీ పుట్టినరోజుకి చీర బదులు ఆ పరీక్షల డబ్బులు నేనే ఇస్తాను, ప్రతి ఏడూ ఇస్తాను.

కోప్పడుతున్నాననుకోకు తల్లీ. నీ పాదాలు నా చేతులతో కడిగిన పాదాలు.

పిల్లల సంగతి. పెళ్ళిచూపులకి ముందే అయిపోవాలని తొందరపడుతున్నావని మీ అమ్మ మాటల్లో అర్థమైంది. ఆ వచ్చే అబ్బాయి వాళ్ళ కోసమైతే ఒక్క కుట్టు కూడా వేయించుకోకు. నీ కోసమైతే వినుకో. అండం విడుదల కొన్ని నెలల్లోనే మొదలవుతుంది, కానీ ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం రాకూడదు. బరువు పడిపోతున్న ఒంట్లో బిడ్డకి తిండి చాలదు. పెళ్ళైతే కాపర్-టీ లాంటిది పెట్టించుకోమంటారు, బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు సరిగ్గా ఒంటపట్టకపోవచ్చు. స్వీడన్‌లో చూసిన లెక్కలు 2015లో వచ్చాయి. గర్భంలో వచ్చే షుగరు ఆపరేషన్ లేనివాళ్ళలో నూటికి 7 మందికి వస్తే, చేయించుకున్నవాళ్ళలో 2 మందికే వచ్చింది, కానీ నెలలకి తగ్గ బరువు లేని బిడ్డలు వాళ్ళలో నూటికి 8 మంది అయితే వీళ్ళలో 16 మంది. రెండూ గుర్తుపెట్టుకో. బైపాస్ అయి కడుపుతో ఉన్నప్పుడు తీవ్రమైన కడుపునొప్పి వస్తే గ్యాస్ అని వాము నమలకూడదు, లోపల పేగు మెలిపడి ఉండొచ్చు, సర్జన్ చూడాలి. షుగరు పరీక్షకి తియ్యనీళ్ళు ఇచ్చినా ముందే చెప్పాలి, బైపాస్ అయినవాళ్ళకి కళ్ళు తిరిగి పడిపోయేంత పని అవుతుంది.

ఇన్సూరెన్సు మీద ఆశ పెట్టుకోకు. మామూలు పాలసీల్లో బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 దాటి గుండెజబ్బో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో, అదుపులో లేని షుగరో ఉండాలి. ఆ జాబితాలో పీసీఓఎస్ లేదు. మీ కంపెనీ పాలసీ కాగితం చదివి చూడు. తక్కువపడితే అప్పు చెయ్యకు, నాకు చెప్పు.

నీకు షుగరు ఇంకా రాలేదు, హెచ్‌బీఏ1సీ 5.9. గుండెమంట లేదన్నావు. పిల్లలు కావాలన్నావు. మాత్రలంటే పడదు. నా లెక్కలో నీకు స్లీవే. ఎండోస్కోపీలో హెర్నియా గానీ, అన్నవాహికలో పుండు గానీ కనబడితే మాత్రం నా మాట పక్కనపెట్టు, అప్పుడు మంచిది బైపాసే. మాత్రల పెట్టె నేను నింపుతాను, ఫోన్ చేసి వేసుకున్నావా అని రోజూ అడుగుతాను.

ఎండోస్కోపీ కేజీహెచ్ ఆసుపత్రిలో అయినా సరే, ఇంకెక్కడైనా సరే, రిపోర్టు మాత్రం ఆపరేషన్ చేసే చోటు కాకుండా ఇంకో సర్జన్‌కి కూడా చూపించు. నేను వెంట వస్తాను. అప్పటిదాకా అడ్వాన్సు కట్టకు.

మీ పెద్దమ్మ