గిజిగాని గూటి వద్ద

1930లో సాలిం అలీ జర్మనీ నుండి బొంబాయికి తిరిగి వచ్చేసరికి ఆయనకు ఉద్యోగం లేదు. ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలోని ప్రకృతి చరిత్ర విభాగంలో సందర్శకులకు విషయాలు వివరించే ఉపన్యాసకునిగా ఆయన 1926లో చేరాడు. పక్షిశాస్త్రంలో క్రమమైన శిక్షణ పొందగోరి, సెలవు పెట్టి బెర్లిన్ వెళ్ళి, ఎర్విన్ స్ట్రెసెమన్ అనే ప్రసిద్ధ శాస్త్రజ్ఞుని వద్ద పని నేర్చుకున్నాడు. ఆ నేర్చిన విద్యతో తిరిగి వచ్చేనాటికి, నిధులు చాలక, ఆ పదవినే రద్దు చేశారు. ముప్పై మూడేళ్ళ వయస్సు. విశ్వవిద్యాలయ పట్టం లేదు. పక్షులను గురించి తెలిసిన వానికి జీతమిచ్చే చోటు దేశంలో మరొకటి కానరాదు.

జీవితంలో ఆయన ఆసరా కోల్పోవడం అదే మొదలు కాదు. 1896లో పుట్టిన సాలిం అలీ ఏడాది నిండేసరికి తండ్రిని, మూడేళ్ళు వచ్చేసరికి తల్లిని కోల్పోయాడు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట, అనేకమంది పిల్లల నడుమ పెరిగాడు. చదువులో చెప్పుకోదగ్గ చురుకు లేదు. పైగా తరచుగా తలనొప్పి బాధించేది. పొడిగాలి మేలు చేస్తుందని కొంతకాలం సింధు ప్రాంతంలోని బంధువుల వద్దకు కూడా పంపారు.

అటువంటి బాలునికి ఒకనాడు తన బొమ్మ తుపాకి దెబ్బకు పడిన పిచ్చుక గొంతు మీద పసుపుపచ్చని మచ్చ కనిపించింది. ఊరపిచ్చుకకు ఉండని మచ్చ అది. మామకు చూపగా, ఆయనకూ అదేమి పక్షియో తెలియలేదు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం కార్యదర్శి డబ్ల్యు. ఎస్. మిల్లర్డ్‌కు ఉత్తరం రాసి ఇచ్చి పంపాడు. పరాయి దొర ఎదుట బెదురుతూ నిలిచిన ఆ కుర్రవానిని మిల్లర్డ్ కసరుకొనలేదు. ఆ పక్షి పేరు చెప్పి, అరలు తెరిచి, గడ్డి కూరి భద్రపరచిన వందలాది పక్షులను చూపించాడు, పుస్తకాలు ఎరువిచ్చాడు. వేటకు తిరిగే పిల్లలు ఎందరో ఉంటారు. చంపినదేమిటో తెలుసుకొనగోరిన వాడు వారిలో అరుదు.

ఉద్యోగం పోయిన తరువాత సాలిం అలీ, ఆయన భార్య తెహ్మీనా ఖర్చు తక్కువగా ఉంటుందని బొంబాయి రేవుకు ఆవలి తీరాన ఉన్న కిహిం అనే పల్లెకు చేరారు. తొలకరి తరువాత ఆ ఇంటికి చేరువలోనే గిజిగాళ్ళు గుంపుగా గూళ్ళు కట్టసాగాయి. పని లేని మనిషికి పొద్దు గడవడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుస్తుంది. ఆయన ఆ పొద్దునంతా గూళ్ళకు అప్పగించాడు. పక్షులు బెదరకుండా మరుగున కూర్చొని, ఏ గూటిని ఏ పక్షి కడుతున్నదో, ఏది ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోతున్నదో గంటల తరబడి చూసి రాసుకున్నాడు.

గిజిగాని గూడు తెలుగువారికి కొత్తది కాదు. తాటికమ్మలకో, తుమ్మకొమ్మలకో వేలాడే ఆ గూటి పనితనం గుఱ్ఱం జాషువ చేత ఒక ఖండికనే రాయించింది. ఆ కవీ, ఈ శాస్త్రజ్ఞుడూ దాదాపు ఒకే ఈడువారు. గూటిలో మెత్తి ఉండే మట్టిముద్దలను చూసి, రాత్రి వెలుగు కోసం ఆ పిట్ట మిణుగురులను వాటికి అతికిస్తుందని మన పల్లెల్లో ముచ్చటగా చెప్పుకుంటారు. శాస్త్ర గ్రంథాలలోనూ ఊహలకు కొరత లేదు. సగం కట్టి వదిలిన గూళ్ళు మగపక్షి విశ్రాంతికో, వినోదానికో కట్టుకొన్నవని పలువురు భావించేవారు.

కిహింలో తేలిన విషయం వేరు. గడ్డిపోచలు, ఆకుచీలికలు తెచ్చి గూడు అల్లేది మగపక్షి. అది సగం పూర్తయ్యే వేళకు ఆడపక్షులు వచ్చి గూళ్ళను పరీక్షిస్తాయి. నచ్చిన గూటిని ఒక ఆడపక్షి స్వాధీనం చేసుకొంటేనే మగపక్షి దానికి పొడవైన గొట్టంలాంటి దారి అల్లి ముగిస్తుంది. నచ్చని గూడు అలాగే మిగిలిపోతుంది. ఆడపక్షి గుడ్లు పెట్టి పొదుగుతుండగా, మగపక్షి మరో గూటికి పునాది వేసి మరో జోడు కోసం ఎదురుచూస్తుంది. 1931లో వెలువడిన ఈ పరిశీలన పక్షిశాస్త్ర లోకంలో సాలిం అలీకి స్థానం కల్పించింది.

అంతకంటె విలువైనది మరొకటి ఆయనకు దక్కింది. చనిపోయిన పక్షుల చర్మాలను కొలిచి పేర్లు పెట్టడమే నాటి పక్షిశాస్త్రంలో ప్రధానమైన పని. తన మనసు బ్రతికి ఉన్న పక్షి నడవడి మీదే లగ్నమవుతుందని కిహిం ఆయనకు తెలియజెప్పింది. జీతమిచ్చే మ్యూజియం ఉండి ఉంటే ఈ సంగతి తెలియడానికి ఇంకెన్నాళ్ళు పట్టేదో!

ఆ పిమ్మట ఆయన ఉద్యోగం వెదకడం మాని, తానే ఒక పని కల్పించుకొన్నాడు. ప్రయాణపు, మకాముల ఖర్చులు భరిస్తే చాలు, జీతం లేకుండా పక్షుల సర్వే చేసిపెడతానని సంస్థానాలను కోరాడు. 1931లో మొదట మొదలైనది హైదరాబాదు సంస్థానపు సర్వే. సుఖంగా పెరిగిన తెహ్మీనా అడవి మకాములలో గుడారాల బ్రతుకును మారుమాటాడక స్వీకరించి, ఆయన వెంట తిరిగింది.

1939లో ఒక చిన్న శస్త్రచికిత్స అనంతరం ఆమె మరణించింది. ఈ దెబ్బ ఉద్యోగం పోవడం వంటిది కాదు. కుతూహలం ఇటువంటి దుఃఖాన్ని తుడిచివేస్తుందనడం అతిశయోక్తి. సాలిం అలీ మళ్ళీ పెండ్లి చేసుకోలేదు. దాదాపు అర్ధశతాబ్దం తరువాత రాసిన ఆత్మకథలోనూ ఆమెను ప్రేమతో తలచుకొన్నాడు. అక్క కమూ ఇంట నీడ దొరికింది. సంస్థానాల సర్వేలు మాత్రం ఆగలేదు. తెల్లవారుజామున దుర్భిణి పట్టుకొని బయలుదేరిన వానికి, ఆ రెండు మూడు గంటలైనా తన వ్యథ కాక మరొక ప్రాణి బ్రతుకు ఎదుట ఉంటుంది. 1941లో ‘భారతీయ పక్షుల గ్రంథం’ వెలువడింది. బొమ్మ చూసి పిట్టను పోల్చుకొనే వీలున్న ఆ పుస్తకం, శాస్త్రం చదవని వారిని సైతం చెట్లవైపు తలెత్తి చూడజేసింది.

1900 తరువాత శాస్త్రజ్ఞుల కంటబడక, అంతరించినదనుకొన్న కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లా పొదలలో తిరిగి కనిపించింది. కనుగొన్నది బాల్యంలో సాలిం అలీ గడప తొక్కిన ఆ బొంబాయి సంఘానికి చెందిన పరిశోధకుడే. తోడుగా నిలిచినవాడు రాత్రివేళ తిరిగే ఆ పిట్ట జాడ ఎరిగిన స్థానిక వేటగాడు. అప్పటికి సాలిం అలీకి ఎనభై తొమ్మిదేళ్ళు. మరుసటి ఏడు జూన్ 20న ఆయన కన్నుమూశాడు.