చిన్న హాల్లో డ్రమ్స్: ఎలక్ట్రానిక్ కిట్‌తో తొలి ప్రోగ్రామ్ ఎలా చేయాలి?

అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో పుట్టినరోజు పార్టీ, కేఫ్‌లో శనివారం సాయంత్రం పాటలు, చిన్న చర్చిలో ఆదివారం ఆరాధన. కీబోర్డు, గిటారు అంటే ఎవరూ అడ్డు చెప్పరు. డ్రమ్స్ అనగానే మాత్రం "అమ్మో, చుట్టుపక్కలవాళ్లు ఊరుకోరండీ" అంటారు. వాళ్ల భయంలో నిజముంది. మామూలు డ్రమ్‌సెట్‌ని గట్టిగా వాయిస్తే దగ్గర్లో శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది. మనం మాట్లాడుకునే మాట 60 దగ్గర ఉంటుంది. పైగా ఆ డ్రమ్‌కి వాల్యూమ్ తగ్గించే నాబ్ ఉండదు.

నాబ్ ఉన్న డ్రమ్స్ వచ్చి నాలుగు దశాబ్దాలు దాటింది. 1981లో సిమన్స్ కంపెనీ ఆరు భుజాల ప్యాడ్లతో ఎలక్ట్రానిక్ కిట్ తెచ్చింది. 1985లో రోలాండ్ నుంచి ఎనిమిది గదుల ఆక్టాప్యాడ్ వచ్చింది. 1997లో అదే రోలాండ్ వల లాంటి మెష్ హెడ్స్‌తో వీ-డ్రమ్స్ తెచ్చింది. మన ఆర్కెస్ట్రాలకు ప్యాడ్స్ కొత్త కాదు. సినిమా పాటల స్టేజీ మీద ప్యాడ్స్ వాయించేవారు లేని బృందాన్ని వెతకాల్సిందే.

ముందుగా ఒక సంగతి తెలుసుకోండి. ఎలక్ట్రానిక్ కిట్ కొన్నంత మాత్రాన శబ్దం పోదు, మూడు దారుల్లో బయటికొస్తుంది: స్పీకర్లోంచి వచ్చేది ఒకటి, స్టిక్ ప్యాడ్ మీద పడ్డప్పుడు వినిపించే టపటప రెండోది, పెడల్ నుంచి నేలలోకి దిగే అదురు మూడోది. ఈ మూడింటినీ విడివిడిగా అదుపులో పెట్టడం వస్తే మీ పని సగం అయినట్టే.

1. చోటు గురించి ముందే అడగండి

ప్రోగ్రామ్ ఒప్పుకునే ముందు నాలుగు ప్రశ్నలు వేయండి. హాలు ఏ అంతస్తులో ఉంది? స్టేజీ దగ్గర ప్లగ్ పాయింట్ ఉందా? మిక్సర్‌లో మీకు రెండు ఛానెళ్లు దొరుకుతాయా? ఎన్నింటికి ముగించాలి?

చివరి ప్రశ్నకు చట్టం కూడా జవాబు చెబుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. వాణిజ్య ప్రాంతాల్లో 65, 55. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 వరకు. ప్రైవేటు స్థలంలో పెట్టిన సౌండ్ సిస్టమ్ శబ్దం ఆ స్థలం హద్దు దగ్గర ఈ పరిమితిని 5 డెసిబెల్స్‌కి మించి దాటకూడదు. ఆసుపత్రి, బడి, కోర్టు పక్కన ఉంటే పరిమితి ఇంకా తక్కువ. కాబట్టి హాలు గోడ బయట నిలబడితే ఎంత వినిపిస్తుందన్నది మీకు ముఖ్యమైన లెక్క.

2. అవసరానికి తగిన కిట్ తీసుకోండి

కొత్తవారి ముందు రెండు దారులుంటాయి.

మొదటిది మల్టీప్యాడ్. ఆక్టాప్యాడ్ లాంటి ఒకే పలక, ఒక స్టాండు, కావాలంటే ఒక కిక్ పెడల్. ఆటోలో పట్టుకెళ్లొచ్చు. తబలా, ఢోలక్ వంటి శబ్దాలు కావాల్సిన సినిమా పాటలకూ భజనలకూ ఇదే సుఖం. కొన్ని మోడళ్లలో మీరు రికార్డు చేసుకున్న డప్పు దెబ్బను కూడా ఎక్కించుకోవచ్చు.

రెండోది పూర్తి కిట్: స్నేర్, మూడు టామ్‌లు, హైహ్యాట్, క్రాష్, రైడ్, కిక్. డ్రమ్‌సెట్ నేర్చుకున్నవారికి చేతులూ కాళ్లూ అలవాటైన చోటే పడతాయి. ఈ దారిలో వెళ్తే కనీసం స్నేర్ అయినా మెష్‌ది ఉండేలా చూడండి. రబ్బరు ప్యాడ్ మీద స్టిక్ చప్పుడు మెష్ కంటే బాగా ఎక్కువ. స్నేర్‌కి నడిమి భాగం, అంచు వేర్వేరుగా పలకాలి. క్రాష్‌ని చేత్తో పట్టుకుంటే మోత ఆగాలి. శబ్దాలు పలికించే పెట్టెకి, అంటే మాడ్యూల్‌కి, ఎడమ, కుడి అవుట్‌పుట్లు విడిగా ఉండాలి. హెడ్‌ఫోన్ జాక్ ఒక్కటే ఉన్న మాడ్యూల్ స్టేజీకి ఇబ్బంది.

సెకండ్ హ్యాండ్ కొంటుంటే హెడ్‌ఫోన్లు వెంట తీసుకెళ్లండి. ప్రతి ప్యాడ్‌నీ మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా కొట్టి చూడండి. హైహ్యాట్ పెడల్‌ని నెమ్మదిగా నొక్కుతూ శబ్దం క్రమంగా మూసుకుంటోందో లేదో వినండి. కేబుళ్లను మెల్లగా కదిపి చూడండి, ఎక్కడైనా తెగితెగి పలికితే బేరం ఆపండి.

3. మాడ్యూల్‌ని మీ చేతికి సరిచేసుకోండి

ప్యాడ్ కింద పియెజో సెన్సర్ అనే చిన్న బిళ్ల ఉంటుంది. దెబ్బకు అది అదిరి విద్యుత్ సంకేతం పుడుతుంది. మాడ్యూల్ ఆ సంకేతం బలాన్ని 1 నుంచి 127 వరకు ఒక అంకెగా మార్చి, దానికి తగిన శబ్దాన్ని పలికిస్తుంది. 1983 నుంచి వాడుకలో ఉన్న మిడి పద్ధతి ఇదే. ఫ్యాక్టరీ సెట్టింగ్ మీ చేతి బరువుకి సరిపోకపోవచ్చు. ఇంట్లో తీరిగ్గా ఇలా సరిచేసుకోండి.

సెన్సిటివిటీ: మీరు స్టేజీ మీద కొట్టే గట్టి దెబ్బకే 127 రావాలి. మామూలు దెబ్బకే వచ్చేస్తుంటే తగ్గించండి. లేకపోతే పాటంతా ఒకే స్థాయిలో మోగుతుంది.

థ్రెషోల్డ్: ఎంత చిన్న దెబ్బ వరకు లెక్కలోకి తీసుకోవాలో ఇది చెబుతుంది. స్నేర్ మీద వేసే సన్నని గోస్ట్ నోట్లు పలికేంతవరకు తగ్గించండి. కొట్టకుండానే పలకడం మొదలైతే ఒక మెట్టు వెనక్కి రండి.

క్రాస్‌టాక్: టామ్ కొడితే పక్కనున్న క్రాష్ కూడా మోగుతోందా? ఈ సెట్టింగ్‌ని కొద్దికొద్దిగా పెంచండి. అంతకంటే ముందు ర్యాక్ క్లాంపులు బిగించండి. చాలాసార్లు దోషం అక్కడే ఉంటుంది.

4. నేలలోకి దిగే అదురును ఆపండి

పై అంతస్తులో వాయిస్తే కింద ఇంటివారికి పాట వినపడదు, కిక్ పెడల్ దడదడ మాత్రమే చేరుతుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని రాత్రి సాధన చేసేవారి మీద ఫిర్యాదులు వచ్చేది కూడా ఇందుకే.

మొదట కిట్ మొత్తం కిందకి మందపాటి రబ్బరు చాప వేయండి. అది చాలకపోతే ప్లైవుడ్ వేదిక చేయించండి. ఒకే కొలత ప్లైవుడ్ పలకలు రెండు తీసుకుని, కింది పలకలో టెన్నిస్ బంతి కొంతవరకే దిగేలా గుండ్రటి రంధ్రాలు కోయించాలి. వాటిలో బంతులు కూర్చోబెట్టి, పై పలకను వాటి మీద పెట్టి, దాని మీద కిట్ అమర్చాలి. పై పలక గోడకు గానీ నేలకు గానీ తగలకూడదు, తగిలితే అదురు ఆ దారిలోనే దిగిపోతుంది. బీటర్ లేని పెడల్ వాడినా అదురు బాగా తగ్గుతుంది. కానీ దాని స్పర్శకు కాలు అలవాటు పడటానికి కొంత సమయం పడుతుంది.

5. మిక్సర్‌కి సరిగ్గా కలపండి

మాడ్యూల్ అవుట్‌పుట్ నుంచి పొట్టి జాక్ కేబుల్‌తో డీఐ బాక్స్‌కి, అక్కడి నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌తో మిక్సర్‌కి వెళ్లండి. డీఐ బాక్స్ సంకేతాన్ని బ్యాలెన్స్‌డ్‌గా మార్చడం వల్ల కేబుల్ పొడవైనా గురగుర రాదు. గుయ్‌మనే హమ్ వస్తే బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కి చూడండి. ఒకే స్పీకర్ ఉంటే ఎడమ, మోనో అని రాసి ఉన్న జాక్ ఒక్కటే వాడండి.

గిటార్ ఆంప్‌కి మాత్రం కలపకండి. అది మధ్య స్వరాల కోసం చేసిన పెట్టె. కిక్‌లో బరువూ సింబల్‌లో మెరుపూ అందులో పలకవు. పీఏ స్పీకర్ గానీ కీబోర్డు ఆంప్ గానీ సరైనవి.

మాడ్యూల్ వాల్యూమ్‌ని ముప్పావు దగ్గర పెట్టి అక్కడే ఉంచండి, మిగతా పని మిక్సర్‌లో చేయించండి. మాడ్యూల్‌లో రివర్బ్ తగ్గించండి లేదా తీసేయండి. స్నానాల గదిలో పాడినట్టు వినిపించే హాళ్లు మనకు తక్కువేమీ కాదు.

కరెంటు సంగతి మరవకండి. అది పోతే కిట్ మూగబోతుంది. తిరిగి వచ్చాక మాడ్యూల్ లేవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. మాడ్యూల్‌కి చిన్న యూపీఎస్ ఉంటే ఆ నిరీక్షణ తప్పుతుంది. ఆన్ చేసేటప్పుడు స్పీకర్లు చివర, ఆఫ్ చేసేటప్పుడు స్పీకర్లు ముందు.

6. సౌండ్‌చెక్ గొంతుతో మొదలుపెట్టండి

పెద్ద స్టేజీల మీద సౌండ్‌చెక్ కిక్‌తో మొదలవుతుంది. చిన్న హాల్లో తిరగేయండి. ముందు పాడేవారి గొంతు సౌకర్యంగా వినిపించే స్థాయి పెట్టించి, దాని కిందికి డ్రమ్స్ తీసుకురండి.

తర్వాత మీ స్నేహితుణ్ణి వాయించమని మీరు మొదటి వరుసలో నిలబడండి. స్పీకర్లోంచి వచ్చే స్నేర్ కంటే ప్యాడ్ మీద స్టిక్ టపటపే ముందు వినిపిస్తే వాల్యూమ్ మరీ తగ్గిపోయిందన్నమాట. ఆ టపటపను కప్పేంత శబ్దం తప్పనిసరి. అంత పెంచడానికి హాలు ఒప్పుకోకపోతే 7ఏ లాంటి సన్నని స్టిక్స్ వాడండి, కిట్‌ని శ్రోతలకు కాస్త దూరంగా జరపండి.

మీకు మానిటర్ కావాలి. ఇన్-ఇయర్ అయితే స్టేజీ మీద అదనపు శబ్దం ఉండదు. కానీ చెవుల్ని కాపాడుకోండి. పెద్దలకు వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్ అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే సురక్షిత పరిమితి. శబ్దం పెరిగినకొద్దీ ఆ సమయం వేగంగా తగ్గిపోతుంది.

7. వాయించే తీరు మార్చుకోండి

పల్లవిలో క్రాస్ స్టిక్, చరణంలో మూసిన హైహ్యాట్, ముగింపులో మాత్రం పూర్తి స్నేర్. ఇలా మెట్లు వేసుకుంటే తక్కువ వాల్యూమ్‌లోనూ పాట పైకి లేస్తుంది. క్రాష్‌లు పొదుపుగా వాడండి. చాలా కిట్లు బ్రష్‌తో రుద్దడాన్ని గుర్తించవు. మెలొడీ పాటకు బ్రష్ కిట్ శబ్దం ఎంచుకుని స్టిక్స్‌తోనే మెల్లగా వాయించాలి. పాటల వరుసలోనే కిట్ నంబర్లు మాడ్యూల్‌లో పేర్చుకుంటే, పాటకూ పాటకూ మధ్య తడుముకోవాల్సిన పని ఉండదు.

8. ఆన్‌లైన్‌లో తోటివారిని సంపాదించుకోండి

ఈ కిట్‌కి ఉన్న ఇంకో సుఖం, మైకులు లేకుండానే రికార్డు కావడం. చాలా మాడ్యూళ్లను యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపితే చాలు. దాంతో వాట్సాప్ బృందాల్లో, వీడియోల కింద, డ్రమ్మర్ల గుంపుల్లో మీకూ చోటు దొరుకుతుంది.

సలహా అడిగేటప్పుడు "నా కిట్ బాగా మోగట్లేదు" అంటే ఎవరూ సాయం చేయలేరు. మాడ్యూల్ మోడల్, ఏ ప్యాడ్, ఏ సెట్టింగ్ ఎంతలో ఉంది, పది సెకన్ల వీడియో ఇవ్వండి. పరిష్కారం దొరికాక అదేమిటో అక్కడే రాయండి, తర్వాత వచ్చేవారికి పనికొస్తుంది.

దూరాన ఉన్నవారితో కలిసి వాయించాలంటే జామ్యులస్, సోనోబస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి. వైఫై బదులు రూటర్‌కి కేబుల్ కలిపి వాడండి. ఇద్దరి మధ్య జాప్యం 30 మిల్లీసెకన్లు దాటితే తాళం లాగేస్తుంది. ఒకే ఊళ్లో కుదరొచ్చు గానీ, డాలస్‌లో ఉన్న బావతో హైదరాబాద్ నుంచి కుదరదు. 14 వేల కిలోమీటర్ల దూరానికి కాంతికే ఫైబర్‌లో 70 మిల్లీసెకన్లు పడుతుంది. అలాంటప్పుడు టెంపో, కౌంట్ ఒప్పుకుని, వాయించి ఫైలు పంపండి. మిడి ఫైలు పంపితే అవతలివారు తమకు నచ్చిన డ్రమ్ శబ్దం పెట్టుకోవచ్చు.

శాంపిళ్లకు ఫ్రీసౌండ్ లాంటి చోట్ల ఒక్కోదానికి ఒక్కో లైసెన్సు ఉంటుంది, చదివాకే వాడండి. ఇంకొకరి టేక్‌ని వారి పేరు లేకుండా, వారిని అడగకుండా పెట్టకండి. సినిమా పాట కవర్ చేసి యూట్యూబ్‌లో పెడితే హక్కుదారుల క్లెయిమ్ రావొచ్చని తెలుసుకునే పెట్టండి.

బయల్దేరే ముందు సంచిలో చూసుకోండి

అడాప్టర్, అదనపు జాక్ కేబుళ్లు రెండు, డీఐ బాక్స్, ఎక్స్‌టెన్షన్ బోర్డు, డ్రమ్ కీ, రబ్బరు చాప, ఇన్సులేషన్ టేపు, హెడ్‌ఫోన్లు, రెండు జతల స్టిక్స్, పాటల వరుస రాసిన కాగితం.

తొలి ప్రోగ్రామ్‌కి పాటలు తక్కువే పెట్టుకోండి, కిట్ అమర్చడానికి ఒక గంట ముందే చేరండి. అయిపోయాక సర్దుకుని వెళ్లిపోకుండా హాలు నిర్వాహకుణ్ణీ పక్కింటివారినీ "సౌండ్ ఎలా ఉందండీ?" అని అడగండి. మళ్లీ పిలిచేది వాళ్లే.