కలరా ఉండ కర్పూరం కాదు

పూజామందిరంలో కర్పూరం, మందుల పెట్టెలో వాము పువ్వు, బట్టల బీరువాలో కలరా ఉండలు. మూడూ తెల్లనివే, ఘాటైన వాసన గలవే. మూత తీసి ఉంచితే మూడూ గాలిలో కలిసి తరిగిపోయేవే. అంతమాత్రాన వీటిని ఒకే కోవకు చేర్చడం ప్రమాదకరం. గుణమెరిగి ద్రవ్యాన్ని వాడవలెనన్నది ఆయుర్వేద మర్యాద. ఆ గుణభేదానికి కారణాన్ని రసాయన శాస్త్రం చక్కగా వివరిస్తున్నది.

వలయ స్వభావం

1825లో మైకేల్ ఫారడే బెంజీన్‌ను వేరు చేశాడు. ఆరు కార్బన్ పరమాణువులు వలయంగా కూడి, ఒక్కొక్కదానికి ఒక హైడ్రోజన్ ఉంటుందని 1865లో కెకూలే ప్రతిపాదించాడు. ఇట్టి వలయం గలవే ఏరోమాటిక్ సమ్మేళనాలు. ఆ పేరు సుగంధాన్ని బట్టి వచ్చినదే అయినా, నేడు లక్షణం వలయమే గాని వాసన కాదు. ఎంత పరిమళించినా బెంజీన్ వలయం లేనందున కర్పూరం ఈ వర్గంలోనిది కాదు.

ఈ వలయం దృఢమైనది. సామాన్యంగా తాను చెదరక, ఒక హైడ్రోజన్‌ను విడిచి ఆ స్థానంలో మరొక సమూహాన్ని చేర్చుకుంటుంది. నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమంతో బెంజీన్ నైట్రోబెంజీన్‌గా మారేది ఇట్లే. చేరిన సమూహాన్ని బట్టి గుణం మారుతుంది.

ఔషధమైన వలయం

వలయానికి హైడ్రాక్సిల్ సమూహం చేరితే ఫినాల్ అవుతుంది. దీనికి స్వల్ప ఆమ్లగుణం, క్రిమిసంహారక శక్తి, చర్మాన్ని కాల్చే తీక్ష్ణత ఉన్నాయి. 1865లో జోసెఫ్ లిస్టర్ వ్రణాలు చీము పట్టకుండా దీనినే ప్రయోగించాడు. వాము పువ్వు అనబడే థైమాల్, లవంగ తైలంలో ప్రధానమైన యూజినాల్ ఫినాల్ జాతివే. పంటి పోటును లవంగ తైలం ఉపశమింపజేయడానికి కారణం యూజినాలే.

అయితే జాతి తీక్ష్ణత వీటినీ విడువలేదు. లవంగ తైలాన్ని నేరుగా పెడితే చిగుళ్లు పుండ్లు పడతాయి. చెంచాడు నువ్వుల నూనెలో రెండు మూడు చుక్కలు కలిపి, దూదితో పంటికి మాత్రమే అద్దవలెను. పసిపిల్లలకు వాడరాదు, వారు మింగితే కాలేయానికి హాని.

విషమైన వలయం

కలరా ఉండలలో అనేకం నాఫ్తలీన్‌తో చేసినవి. రెండు బెంజీన్ వలయాలు జంటగా అతుక్కున్న పదార్థమిది. ఇది కరగకుండానే ఆవిరై వస్త్రాలలో నిలుస్తుంది. శరీరంలో ప్రవేశించిన పిమ్మట ఆక్సీకరణం చెంది, ఎర్ర రక్తకణాలను ఛేదించే పదార్థాలుగా మారుతుంది. జి6పిడి అనే ఎంజైము పుట్టుకతోనే లోపించినవారికి, నవజాత శిశువులకు ఈ ముప్పు మిక్కుటం.

పురిటి బిడ్డను అమ్మమ్మగారి పాత నూలు చీరలో చుట్టడం మన ఇళ్లలో ఆచారం. ఆ చీర కలరా ఉండల మధ్య నుండి తీసినదైతే ఆ ఆవిరే బిడ్డకు కామెర్లు కలిగించవచ్చును. అట్టి వస్త్రాలను ఉతికి, ఎండలో బాగుగా ఆరవేసి, వాసన పూర్తిగా పోయిన తరువాతనే వాడవలెను. పసివారున్న ఇంట ఉండలు అసలు లేకుండుటే శ్రేయస్కరం. బట్టల మధ్య ఎండిన వేపాకు చాలును.

ఏది ఏదో సందేహం కలిగితే గ్లాసెడు మంచినీటిలో వేసి చూడండి. కర్పూరం తేలుతుంది, నాఫ్తలీన్ మునుగుతుంది. తేలినంత మాత్రాన కర్పూరం తినదగినదని భావించరాదు. పిల్లలు మింగితే అదీ మూర్ఛలు తెప్పిస్తుంది.

బిడ్డ ఉండను మింగితే వాంతి చేయించరాదు. పాలు, నూనె పట్టరాదు, కొవ్వుతో విషం త్వరగా ఒంటికి పడుతుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్లవలెను. ఒకటి రెండు రోజుల తరువాతనైనా ముఖం పాలిపోవడం, కళ్లు పసుపెక్కడం, మూత్రం ముదురు రంగులో రావడం కనిపించవచ్చును. అప్పుడు పసరు మందులతో కాలయాపన చేయరాదు. గృహవైద్యం ఆగవలసిన చోటు అదే.