పురద్వారమునొద్దను, ప్రభువు సన్నిధిని

పఠనభాగములు: రూతు 4:1–13, మత్తయి 1:18–25, రోమా 13:1–7, మలాకీ 2:14

తపతీ నదీతీరమున నున్న సూరతు నగరము బట్టల నేతకును జరీ పనికిని పేరు పొందినది. అచ్చటి మరమగ్గములయొద్ద పనిచేయుటకై వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతములనుండి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకములు. లింబాయత్ మొదలగు పేటలలో తెలుగు మాట వినబడుచుండును. సువార్త చరిత్రలోను ఈ నగరమునకు స్థానము కలదు. 1815లో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన స్కిన్నర్, ఫైవీ అను సేవకులు ఇచ్చట పని ప్రారంభించి పరిశుద్ధ గ్రంథమును గుజరాతీ భాషలోనికి తర్జుమా చేసిరి.

ఇట్టి వలస కుటుంబములలో వివాహము కుదిరినప్పుడు ఒక చిక్కు తరచుగా ఎదురగును. వరుని నివాసము, ఉద్యోగము, గుర్తింపు పత్రములు సూరతులో నుండును. వధువు స్వగ్రామములో నుండును. తాతముత్తాతల నాటి సంఘమును, పెండ్లి జరిపింపవలసిన పాస్టరుగారును ఆ గ్రామముననే యుందురు. మిల్లువారిచ్చు సెలవు కొలది దినములే. కావున “ముందు కాగితములు పూర్తిచేసికొందము, పెండ్లి తరువాత చూచుకొందము” అని కొందరందురు. “పెండ్లి కానిండు, కాగితముల సంగతి తరువాత చూడవచ్చును” అని మరికొందరందురు. ఈ రెండు మాటలలోను ప్రమాదము పొంచియున్నది. ఏ కాగితమునకు ఏ అర్థము కలదో ఎరిగినవారు మాత్రమే దానిని తప్పించుకొందురు.

1. పత్రములు మూడు విధములు

అమెరికాలో నివసించు తెలుగువారు పెండ్లికి ముందుగా కౌంటీ కార్యాలయమునకు వెళ్లి వివాహ లైసెన్సు తీసికొందురు. అది అనుమతి మాత్రమే. అధికారము గల సేవకుడు వివాహము జరిపించి, ఆ పత్రముపై సంతకము చేసి తిరిగి పంపిన తరువాతనే వివాహము నమోదగును. మన దేశములో సంగతి వేరు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టములో లైసెన్సు అను మాట వధూవరులకు కాక, వివాహము జరిపించు సేవకునికి చెందినది. వధూవరులకు దొరకునవి వేరు పత్రములు. వాటిని మూడు తరగతులుగా గ్రహించవలెను.

మొదటిది, వివాహమునకు ముందు ఇయ్యబడు ధ్రువపత్రము. లైసెన్సు గల సేవకునికి గాని వివాహ రిజిస్ట్రారునకు గాని వధూవరులలో ఒకరు నోటీసు ఇచ్చి, రక్తసంబంధము మొదలగు అభ్యంతరము లేదని ప్రకటన చేసినప్పుడు ఇది లభించును. రెండు నెలలలోపల వివాహము జరుగనియెడల ఇది చెల్లకపోవును. ఇది తలుపు తెరచునే గాని ఎవరిని భార్యాభర్తలుగా చేయదు.

రెండవది, రిజిస్ట్రారు ఎదుటనే జరుగు వివాహము. క్రైస్తవ వివాహ చట్టము క్రింద ఇద్దరు సాక్షుల ఎదుటను, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము క్రింద ముగ్గురు సాక్షుల ఎదుటను, వధూవరులు ఒకరినొకరు స్వీకరించుచున్నట్లు నోటితో పలికెదరు. ప్రత్యేక వివాహ చట్టము ప్రకారము ఇద్దరిలో ఒకరైనను ఆ జిల్లాలో ముప్పది దినములు నివసించియుండవలెను. నోటీసు ప్రకటించిన తరువాత మరి ముప్పది దినములు గడువవలెను. ఈ కార్యము ముగిసిన గడియ నుండి వారు చట్టరీత్యా భార్యాభర్తలే. దీనిని “కాగితముల పని” అని తేలికగా పలుకుట అజ్ఞానము.

మూడవది, జరిగిపోయిన వివాహమును ప్రభుత్వ దాఖలాలో వ్రాయించుట. 2006 ఫిబ్రవరి 14న భారత సుప్రీంకోర్టు అన్ని మతములవారి వివాహములను తప్పనిసరిగా నమోదు చేయవలెనని ఆదేశించెను. గుజరాత్ రాష్ట్రము ఆ సంవత్సరమే అందుకై శాసనము చేసెను. ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే అట్టి శాసనము వచ్చియుండెను. నమోదు తనంతట తానే వివాహము కాదనియు, అయితే భార్యయొక్కయు బిడ్డలయొక్కయు హక్కులకు అది బలమైన సాక్ష్యమనియు న్యాయస్థానము తెలిపెను.

ఈ భేదమును 2024 ఏప్రిల్ 19 నాటి తీర్పు ఒకటి స్పష్టపరచుచున్నది. హిందూ వివాహ చట్టము క్రింద ఒక జంట, పెండ్లి తంతు జరుగకముందే వివాహ ధ్రువపత్రము పొంది నమోదు చేయించుకొనిరి. పెండ్లి తేదీ తరువాతి సంవత్సరమునకు నిర్ణయింపబడెను. ఈలోగా విభేదములు పుట్టి ఆ పెండ్లి జరుగనేలేదు. విధిగా జరుగవలసిన కర్మలు జరుగలేదు గనుక ఆ పత్రము చెల్లదనియు, వారి మధ్య వివాహమే లేదనియు సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ చట్టము క్రైస్తవులకు వర్తింపదు. అయినను అందలి బోధ అందరిదియు: లేని వివాహమును కాగితము పుట్టింపజాలదు.

2. బోయజు చూపిన క్రమము

రూతు గ్రంథము 3వ అధ్యాయములో కళ్లమునొద్ద బోయజు రూతునకు మాట ఇచ్చెను. ఆ మాట నిజమైనదే, అయినను అతడు దానినే వివాహముగా ఎంచలేదు. తెల్లవారగనే పురద్వారమునొద్దకు వెళ్లి కూర్చుండెను. తనకంటె సమీప బంధువును పిలిచెను, పదిమంది పెద్దలను కూర్చుండబెట్టెను. పొలము సంగతియు రూతు సంగతియు దాచక వారి ముందుంచెను. ఆ బంధువు తన హక్కును వదలుకొని చెప్పు తీసి ఇచ్చినప్పుడు ప్రజలందరు సాక్షులైరి. పిమ్మటనే, 13వ వచనములో, బోయజు ఆమెను పెండ్లి చేసికొనెను.

ఇచ్చట మూడు సంగతులు గమనింపదగినవి. న్యాయసంబంధమైన పని ముందుగాను, బహిరంగముగాను జరిగెను. రూతు పరదేశిని, విధవరాలు. ఆమె పక్షమున మాటలాడుటకు తండ్రిగాని అన్నగాని అచ్చట లేరు. సాక్షుల మాటయే ఆమెకు కోటగోడ అయ్యెను. మూడవది, పురద్వారమునొద్దనే పెద్దలును ప్రజలును ప్రభువు నామమున ఆ యింటిని ఆశీర్వదించిరి. న్యాయకార్యమును భక్తియు ఒకదానికొకటి విరోధములు కాలేదు.

3. యోసేపు ఎరిగిన కట్టుబాటు

మరియ యోసేపునకు ప్రధానము చేయబడినప్పుడు వారింకను ఏకము కాలేదు. అయినను మత్తయి యోసేపును ఆమె భర్త అనియే పిలుచుచున్నాడు. ఆ సంబంధమును విడుచుటకు పరిత్యాగము అవసరమాయెను. యూదుల ఆచారములో ప్రధానమునకును, వధువును ఇంటికి తెచ్చుకొనుటకును నడుమ ఎడముండెడిది. అయినను మొదటి కట్టుబాటే బంధించునదై యుండెను. రిజిస్ట్రారు ఎదుట వివాహమాడి, దేవాలయ ఆరాధన కొరకు కొన్ని వారములు వేచియుండు యువజనులకు ఇది తగిన పాఠము. వారు పరస్పరము కట్టుబడినవారే. విడిపోవలెనన్న న్యాయస్థానపు విడాకులు కావలసినదే. అయినను సంఘము ఎదుట ప్రార్థన జరుగువరకు వేరు వేరు ఇండ్లలో నుండుట తలిదండ్రులకును సంఘమునకును గౌరవము. ఎవరికిని ఆటంకము కలుగదు.

4. సంఘ చరిత్రలో

రహస్య వివాహములవలన స్త్రీలు మోసపోవుట చూచి, 1563లో ట్రెంటు సభ రోమను సంఘములో గురువు ఎదుటను సాక్షుల ఎదుటను వివాహము జరుగవలెనని నిర్ణయించెను. ఇంగ్లండులో 1753 నాటి చట్టము మందిరములో ముందస్తు ప్రకటనను గాని లైసెన్సును గాని తప్పనిసరి చేసెను. ప్యూరిటను యాత్రికులు 1621లో ప్లిమత్‌లో తమ మొదటి వివాహమును అధికారి ఎదుటనే జరిపిరి. హాలండులో వారు చూచిన వాడుక అది. ఫ్రాన్సులో 1792 నుండి పౌర వివాహమే చట్టము గుర్తించు వివాహము. మందిర ఆరాధన దాని తరువాతనే జరుగవలెను. మార్గములు వేరైనను ఉద్దేశమొక్కటే: వివాహము చీకటిలో జరుగకూడదు.

5. నడువవలసిన మార్గము

గ్రామములో దేవాలయ వివాహమే జరుపుకొనువారు మొదట తమ పాస్టరుగారి అధికారమును తెలిసికొనవలెను. బిషప్పుచే అభిషేకము పొందిన గురువులు తమ సంఘ నియమముల ప్రకారము జరిపింతురు. ఇతర సంఘముల సేవకులకు ప్రభుత్వ లైసెన్సు కావలెను. అధికారము లేకుండ వివాహము జరిపించుట చట్టరీత్యా గొప్ప నేరము. అది పది సంవత్సరముల శిక్షకు కారణము కాగలదు. పాస్టరుగారిని ఈ సంగతి వినయముతో అడుగుట అవమానము కాదు. వరుడు దూరమున నున్నాడు గనుక నోటీసు, వయస్సు పత్రము, నివాస పత్రము ముందుగానే పంపవలెను. వరునికి 21, వధువునకు 18 సంవత్సరములు నిండియుండవలెను. పెండ్లి దినముననే రిజిస్టరులో సంతకములు చేసి, నకలు తీసికొని, అటుపిమ్మట ప్రభుత్వ నమోదు చేయించవలెను.

సూరతులోనే రిజిస్ట్రారు ఎదుట ముందుగా వివాహమాడినవారు ఆ సంగతిని పాస్టరుగారికి దాచక చెప్పవలెను. సంఘ రిజిస్టరులో “అవివాహితుడు”, “అవివాహిత” అని వ్రాయించుట అప్పుడు అబద్ధమగును. అట్టివారికి సంఘము జరిపింపదగినది రెండవ వివాహము కాదు. జరిగిన వివాహముపై ప్రార్థనయు, ఆశీర్వాదమును, ప్రమాణముల పునరుద్ఘాటనయు. ఒకే వివాహమునకు రెండు తేదీలు, రెండు ధ్రువపత్రములు ఉన్నయెడల పాస్‌పోర్టు, బీమా, పింఛను కార్యములలో చిక్కులు పుట్టును.

6. ఎవరి నిమిత్తము?

పొరుగు రాష్ట్రములో భర్త అకస్మాత్తుగా మరణించినయెడల, అతని ప్రావిడెంటు ఫండు కొరకు కార్యాలయమునకు వెళ్లిన స్త్రీని మొదట అడుగునది వివాహ రుజువే. ఆమె భాష అచ్చటివారికి తెలియదు, ఆమె పెండ్లి చూచిన పెద్దలు వెయ్యి కిలోమీటర్ల దూరమున నుందురు. ఆ గడియలో సంతకములు గల ఒక కాగితము ఆమెకును ఆమె బిడ్డలకును అన్నము పెట్టును. కాబట్టి పత్రమును నిర్లక్ష్యము చేయుట విశ్వాసము కాదు. పొరుగువానిని, అందులోను తన భార్యను, ప్రేమింపకపోవుటయే. పౌలు రోమీయులకు వ్రాసినట్లు అధికారులు మేలు నిమిత్తము దేవుని పరిచారకులు. ఇచ్చట ఆ మేలు కన్నులకు కనబడుచున్నది.

అయితే పత్రమే సమస్తమనుకొనుటయు పొరపాటు. యౌవనమున పెండ్లియాడిన భార్యకును ఆమె భర్తకును నడుమ ప్రభువే సాక్షి యని మలాకీ హెచ్చరించెను. రిజిస్ట్రారు పుస్తకము మూయబడిన తరువాతను ఆ సాక్షి చూచుచునే యుండును. పురద్వారమునొద్ద నిజము పలికినవారు ప్రభువు సన్నిధిని సంతోషముతో నిలువగలరు.

ధ్యానమునకు ప్రశ్నలు

1. బోయజు రహస్యముగా ఇచ్చిన మాటతో తృప్తిపడక పెద్దలను పిలిచినందువలన రూతునకు కలిగిన మేలేమి?

2. అనుమతి, వివాహము, నమోదు: ఈ మూడింటి భేదమును మీ సంఘములోని యువజనులకు ఎట్లు వివరింతురు?

3. మీ సంఘములో వలస వెళ్లిన కుటుంబములలో వివాహపత్రము లేని స్త్రీలు ఎవరైన ఉన్నారా? వారికి సంఘము ఈ సంవత్సరము ఏమి సహాయము చేయగలదు?