చెడుచున్న హార్డు డిస్కు నుండి ఫైళ్ళను దక్కించుకొనుట

విద్యార్థులారా! పూర్వము మన పెద్దలు పొలము పత్రములను, తాటాకు గ్రంథములను భోషాణములలో దాచెడివారు. నేడు వాని స్థానమును చాలవరకు కంప్యూటరులోని హార్డు డిస్కు ఆక్రమించినది. తెలుగువారు తరతరములుగా ఇతర రాష్ట్రములలో స్థిరపడిన మన వంటి ఊళ్ళలో దీనికొక విశేషము కలదు. అవ్వలు పాడిన పెండ్లిపాటలు, మన యాసలోని సామెతలు, పాఠశాల సంచికల పుటలు పెక్కు అచ్చునకు ఎక్కలేదు. కొన్నిటికి ఆ డిస్కులోని ప్రతి తప్ప వేరొకటి లేదు. అది చెడినచో అవియు పోవును. కావున చెడుచున్న డిస్కు నుండి ఫైళ్ళను ఎట్లు దక్కించుకొనవలెనో తెలిసికొందము.

1. డిస్కు నిర్మాణము

మొదటి హార్డు డిస్కును 1956లో ఐ.బి.ఎం. కంపెనీవారు వెలువరించిరి. అందు 24 అంగుళముల వ్యాసము గల పలకలు 50 ఉండెడివి. అన్నియు కలిసి సుమారు 50 లక్షల అక్షరములను మాత్రమే భద్రపరచెడివి. నేటి డిస్కులోను పద్ధతి అదియే. అల్యూమినియముతోనో గాజుతోనో చేసిన పలకపై పలుచని అయస్కాంతపు పూత యుండును. పలక నిమిషమునకు 5400 లేక 7200 మారులు తిరుగును. దానిని చదువు ‘హెడ్డు’ పలకను తాకక, గాలిపొరపై కొద్ది నానోమీటర్ల ఎత్తున తేలియాడును. మన వెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు. ఒక్క ధూళికణము నడుమ చేరినను ఎంత ప్రమాదమో దీనినిబట్టి ఊహింపవచ్చును. ఈ కారణముచేతనే డిస్కును ఇంటిలో విప్పరాదు.

2. నష్టములో రెండు విధములు

మొదటిది ఫైలు చెరిగిపోవుట. ఫైలును తుడిచివేసినప్పుడు కంప్యూటరు సాధారణముగా విషయసూచికలోని పేరును మాత్రమే కొట్టివేయును. పుటలు అట్లే యుండును. ఆ చోట మరియొకటి వ్రాయబడు వరకు వానిని రాబట్ట వీలగును. కావున పొరపాటున ఫైలు పోయినచో ఆ డిస్కుపై మరేమియు వ్రాయకుండుటయే మొదటి కర్తవ్యము. అయితే తిరుగు పలకలు లేని ఎస్.ఎస్.డి. అను కొత్తరకపు సాధనములు తుడిచిన చోటులను తామే శుభ్రపరచుకొనును గనుక వానిలో ఈ ఆశ తక్కువ.

రెండవది డిస్కే చెడుట. ఫైళ్ళు తెరుచుకొనుటకు మిక్కిలి ఆలస్యమగుట, కంప్యూటరు మాటిమాటికి నిలిచిపోవుట, డిస్కు ఒకప్పుడు కనబడి మరియొకప్పుడు కనబడకుండుట దీని లక్షణములు. డిస్కు తన ఆరోగ్యమును తానే లెక్కించుకొను ‘స్మార్ట్’ అను ఏర్పాటు కలదు. అందు చదువరాని సెక్టర్ల సంఖ్య పెరుగుచున్నచో అపాయము సమీపించినదని గ్రహింపవలెను.

3. చేయకూడనివి

టక్ టక్ మను శబ్దము వినబడినచో వెంటనే కరెంటు తీసివేయవలెను. హెడ్డు పలకను గీచుచుండవచ్చును. గీచుకొనిపోయిన పూతను ఏ నిపుణుడును తిరిగి తేలేడు. డిస్కును తట్టుట, ఫ్రిజ్జులో ఉంచుట హానికరములు. చలిలో నుంచి తీసిన డిస్కుపై తేమ చేరును. ‘చెక్ డిస్క్’ వంటి మరమ్మతు ప్రోగ్రాములును అప్పుడు తగవు. అవి డిస్కుపై వ్రాతలను మార్చును, అలసిన యంత్రమును మరింత అలయించును.

4. చేయవలసినది

శబ్దము లేక, డిస్కు ఇంకను చదువబడుచున్నచో, ముందుగా దానికి పూర్తి నకలు తీయవలెను. ఫైళ్ళను వెదకుట తరువాతి పని. శిథిలమైన తాటాకు గ్రంథమునకు ప్రతి వ్రాయు లేఖకుని తలచుకొనుడు. ఆకు విరుగునేమో యని అతడు స్పష్టమైన అక్షరములను ముందు ఎత్తివ్రాసికొనును. తెలియని చోట ఖాళీ విడిచి ‘గ్రంథపాతము’ అని గుర్తించును. ‘డీడీ రెస్క్యూ’ అను ఉచిత ప్రోగ్రాము సరిగా ఇట్లే చేయును. సులువుగా వచ్చు భాగములను తొలుత తీసికొని, మొరాయించువానిని దాటిపోయి, తుదకు మరల వచ్చి వానిని కొంచెము కొంచెముగా ప్రయత్నించును. ఎంతవరకు వచ్చినదో ఒక చిట్టాలో వ్రాసికొనును గనుక నడుమ ఆగినను ఆ చోటి నుండియే సాగింపవచ్చును.

నకలు పాత డిస్కుకంటె పెద్దదైన వేరొక మంచి డిస్కులోనికి పోవలెను. ఎంత కాలము పట్టును? 1 టెరాబైటు అనగా 10 లక్షల మెగాబైట్లు. సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున 10,000 సెకనులు, అనగా సుమారు 2 గంటల 47 నిమిషములు. చెడిన డిస్కునకు దినములే పట్టవచ్చును, ఓపిక అవసరము.

నకలు ముగిసిన పిమ్మట పాతదానిని ప్రక్కన పెట్టి, నకలులోనే వెదకవలెను. విషయసూచిక చెడియున్నచో ‘ఫోటోరెక్’ వంటి ప్రోగ్రాములు ఫైళ్ళ తొలి సంఖ్యలనుబట్టి వానిని గుర్తించును. జేపెగ్ రకపు ఛాయాచిత్రము ఎల్లప్పుడును 255, 216, 255 అను సంఖ్యలతో మొదలగును. ఇట్లు దొరికిన ఫైళ్ళకు పాత పేర్లు ఉండవు.

5. పేరు లేని తుంటలో తెలుగును గుర్తించుట

యూనికోడు పద్ధతిలో వ్రాసిన తెలుగు అక్షరము యు.టి.ఎఫ్.-8 అను ఏర్పాటులో మూడు సంఖ్యలుగా నిలువయుండును. ‘అ’ అనగా 224, 176, 133. తెలుగునకు రెండవ సంఖ్య 176 లేక 177. కన్నడమునకు 178, 179. తమిళమునకు 174, 175. ఒడియాకు 172, 173. మరాఠీ వ్రాయు దేవనాగరికి 164, 165. కావున ఇరుగుపొరుగు భాషలు కలిసియున్న డిస్కులో సైతము తెలుగు తుంటలను వేరుచేయవచ్చును.

అయితే పాత అచ్చుపని ఫైళ్ళు పెక్కు యూనికోడులో లేవు. ‘అను’ వంటి ఫాంట్లతో పేజిమేకరులో కూర్చిన పుటలలో తెలుగు అక్షరములు ఇంగ్లీషు అక్షరముల చోటులలో దాగియుండును. ఆ ఫాంటు లేనిచో పుట అర్థములేని గుర్తులుగా కనబడును. కావున ఫైలుతోపాటు ఫాంటును కూడ దక్కించుకొనవలెను.

6. నిపుణుల సాయము

శబ్దము చేయు డిస్కును, నీట తడిసినదానిని ధూళి లేని గదులు గల నిపుణులకే ఒప్పగింపవలెను. ఖర్చు అధికము, ఫలితము నిశ్చయము కాదు. అయినను ఆశ వదలరాదు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా అంతరిక్ష నౌక టెక్సాసు రాష్ట్రముపై విచ్ఛిన్నమై, కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు మరణించిరి. శకలములలో దొరికిన ఒక డిస్కు నుండి జినాన్ వాయువుపై జరిపిన ప్రయోగపు వివరములను సుమారు 99 శాతము వరకు నిపుణులు రాబట్టిరి. ఆ ప్రయోగ ఫలితములు 2008లో ప్రకటింపబడినవి. పెట్టె కాలినను పలకలు చెడకుండుటయే దీనికి కారణము.

7. ముందుజాగ్రత్త

అన్ని చికిత్సలకంటె నివారణ మేలు. ముఖ్యమైన ప్రతి ఫైలునకు మూడు ప్రతులు ఉండవలెను. అవి రెండు విధములైన సాధనములపై నుండవలెను. ఒకటి వేరొక ఇంటిలోనో ఊరిలోనో ఉండవలెను. సంవత్సరమునకు ఒకమారైనను వానిని తెరచి చూడవలెను. తల్లిదండ్రులారా! మీ ఇంటి పెద్దల పాటలు, మాటలు ఒకే డిస్కులో ఉన్నచో ఈ వారమే రెండవ ప్రతి తీయించుడు. ఆ పని మీ పిల్లలే చేయగలరు.

ప్రశ్నలు

1. తుడిచిన ఫైలు కొంతకాలము దక్కుటకు కారణమేమి?
2. నకలు తీయుటకు ముందు మరమ్మతు ప్రోగ్రామును ఏల నడుపరాదు?
3. 500 గిగాబైట్ల డిస్కును సెకనుకు 50 మెగాబైట్ల చొప్పున నకలు చేయుటకు ఎంత కాలము పట్టును?
4. ఒక తుంటలో 224, 178 అను సంఖ్యలు మాటిమాటికి కనబడినవి. అది ఏ భాష?