‘రెస్పాన్సివ్’ అను మాట

పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో ‘రెస్పాన్సివ్’ అను ఇంగ్లీషు విశేషణము వినవచ్చుచుండును. 2015లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన సుస్థిర అభివృద్ధి లక్ష్యములలో పదునారవ దానియందును, అన్ని స్థాయిలలో నిర్ణయములు చేయు తీరును గూర్చి చెప్పుచు ఈ మాటనే వాడిరి. దీని అర్థమును సరిగా ఎరుగుట మేలు.

దీనిని మనము ‘స్పందించు’ అని తెలుగు చేయుచున్నాము. 2019లో మన రాష్ట్ర ప్రభుత్వము అర్జీల కార్యక్రమమునకు ‘స్పందన’ అనియే పేరు పెట్టినది. 2024లో ఆ పేరు మారినది. సంస్కృతమున స్పందనమనగా అదురుట. లోపల గుండె అదిరిన చాలును, నోట మాట రానక్కరలేదు. ఇంగ్లీషు మాట అట్టిది కాదు. దాని లాటిన్ మూలమునకు బదులు పలుకుట అని అర్థము. వల్లూరు మండలములోని పుష్పగిరికి పోయి మ్రొక్కువారు కోరునది పిలిచిన పలుకు దేవునినే గదా! ఆ ‘పలుకుట’యే దీనికి దగ్గరి తెలుగని మా అభిప్రాయము.

సేద్యమునందును ఈ మాట కలదు. పాత పొడుగు వరి రకములకు నత్రజని ఎరువు హెచ్చుగా వేసిన, పైరు ఏపుగా పెరిగి నేలకొరగెడిది. 1966లో ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ విడుదల చేసిన ఐ.ఆర్.8 పొట్టి రకము. ఒరగక నిలిచి గింజ హెచ్చుగా ఇచ్చెను. ఇట్టి వంగడములను ఎరువునకు రెస్పాన్సివ్ అందురు. ఎరువును రెండును గ్రహించినవే, గింజ చూపినది మాత్రము రెండవది.

వల్లూరు మండలములో ఒక వాడవారు వేసవిలో చేతిపంపు చెడినదని అర్జీ ఇచ్చిరనుకొందము. విని బాధపడిన సభ్యుడు ‘సెన్సిటివ్’. ఇది నా పనియే అని ఒప్పుకొనినవాడు ‘రెస్పాన్సిబుల్’. మరమ్మతు ఏనాడు జరుగునో, జరుగనిచో ఏల జరుగదో, అంతవరకు ఆ ఆడవారు బిందెలతో ఎచ్చటికి పోవలెనో తిరిగి వచ్చి చెప్పినవాడే ‘రెస్పాన్సివ్’. డబ్బు లేదు, ఈ నెల కాదు అని చెప్పుటయు పలుకుటయే. అర్జీని కట్టలో కట్టి ఊరకుండుట మాత్రము కాదు.

వ్యతిరేక పదము ‘అన్‌రెస్పాన్సివ్’. పిలిచినను, తట్టినను పలుకని రోగిని వైద్యులు ఇట్లందురు.

వాడుకలో ఈ మాట వెనుక ‘టు’ రావలెను; అది మన ‘కు’ విభక్తి వంటిది. ‘ఈ పంచాయతీ వార్డు ప్రజల అవసరములకు రెస్పాన్సివ్’ అనుట సరియైన ప్రయోగము. నివేదికలలో కొందరు ‘మా పంచాయతీ రెస్పాన్సివ్’ అని ఆపివేయుదురు. ఎవరికి, దేనికి అన్నది అచ్చట మిగిలిపోవును.