దీర్ఘకాలిక మనోవ్యాధి – సమాజ బాధ్యత

శరీరమునకు జ్వరము వచ్చినచో ఇరుగుపొరుగువారు పరామర్శకు వత్తురు. మనస్సునకు వ్యాధి సోకినచో వారే తొలగిపోవుదురు. ఈ భేదమును గూర్చి మనము ఆలోచింపవలసియున్నది.

2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా సమీపమున గల ఒక పూరిపాకకు నిప్పంటుకొని 28 మంది మానసిక రోగులు మరణించిరి. గొలుసులతో బంధింపబడియుండుటచే వారు తప్పించుకొనలేకపోయిరి. స్వస్థత చేకూరునను ఆశతో కుటుంబీకులు రోగులను అచ్చటికి తీసుకొనివచ్చుచుండిరి. ప్రార్థన ఓదార్పు నొసగును. గొలుసు మాత్రము చికిత్స కానేరదు. ఆ కుటుంబములకు తమ ఊరిలోనే వైద్యమును, చేయూతయు లభించినచో వారు అంతదూరము పోవలసి వచ్చెడిదా?

స్కిజోఫ్రీనియా వంటి వ్యాధులలో మందులు అత్యవసరము. అయితే తనకు వ్యాధి కలదని రోగి పలుమారు గ్రహింపడు; కొంత నెమ్మదింపగానే మందు మానివేయును; వ్యాధి తిరుగబెట్టును. ఈలోగా ఉద్యోగము పోవును, స్నేహితులు దూరమగుదురు. ఆసుపత్రి వీనినన్నిటిని చక్కదిద్దజాలదు. అందుచే ఇంటికి వచ్చి మందుల క్రమమును విచారించువారు, నిద్ర తగ్గుట, అనుమానములు పెరుగుట వంటి తొలి సూచనలను కనిపెట్టుట కుటుంబమునకు నేర్పువారు, రోగికి తగిన పని చూపువారు కావలెను. సమాజాధారిత సంరక్షణ యనగా ఇదియే.

ఇది కేవలము ఊహ కాదు. 1980వ దశకమున బళ్ళారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వైద్యులకు, సిబ్బందికి బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ శిక్షణ నిచ్చెను. ఆ అనుభవమే 1996లో ప్రారంభమైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు ఆదర్శమయ్యెను. తమిళనాడు, గోవా, మహారాష్ట్రలలో 282 మంది స్కిజోఫ్రీనియా రోగులపై జరిగిన ఒక పరిశోధన 2014లో వెలువడెను. సాధారణ ఆసుపత్రి చికిత్సకు శిక్షితులైన స్థానిక కార్యకర్తల సేవ తోడైనపుడు ఫలితము కొంత మెరుగుగా నుండెనని అందు తేలినది. ప్రయోజనము స్వల్పమే కావచ్చును. రోగి కుటుంబమునకు అదియు గొప్పదే.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని గొలుసులతో బంధించుటను నిషేధించినది. సమాజమున జీవించు హక్కును అతనికి ప్రసాదించినది. కాని పొరుగింటివారి పలుకరింపును ఏ చట్టమును శాసింపజాలదు. అది మన చేతిలోనిది. చికిత్స పొంది తిరిగివచ్చిన వానిని “పిచ్చివాడు” అనక పేరు పెట్టి పిలుతము. పెండ్లికి, పండుగకు ఆహ్వానింతము. విద్యార్థులమైన మనము ఈపాటి చేసినను, ఆ ఇంటి భారము కొంత తగ్గును.